ఎల్బేలో దొరికిన పులస

మా ఆయనది గోదావరి మధ్య లంక, నాది కరీంనగర్. ఇన్నేళ్ళ కాపురంలో నా మాట సగం వాళ్ళ వైపు ఒరిగిపోయింది గానీ, కోపమొస్తే మాత్రం అచ్చంగా మా అమ్మ నోరే. ఆ నోరు ఎక్కువగా లేచేది చేపల దగ్గరే. ఆయన లెక్కలో లోకంలో చేపంటే ఒక్కటే, పులస. వరద నీళ్ళకి సముద్రంలోంచి గోదావరిలోకి ఎదురెక్కి వచ్చే పులస. మా కొరమీను అసలు చేపే కాదట, పాముకి తమ్ముడట. వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇద్దరివీ హాంబర్గ్‌లో ఐటీ ఉద్యోగాలు. కరోనా వచ్చి హోమ్ ఆఫీస్ అన్నాక, ఆ ఇరుకు ఫ్లాట్‌లో ఇద్దరం చెరో మీటింగులో అరుచుకుంటుంటే, చిన్నపిల్లల్ని చూసుకునే కీటా మూసేస్తే పాప మా మధ్యలో బొమ్మలు విసురుతుంటే, ఇంక నా వల్ల కాలేదు. ఎల్బే నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక చిన్న ఊళ్ళో ఇల్లు తీసుకున్నాం. మీటె, అదే అద్దె, తక్కువ, గాలి ఎక్కువ. వెనకాలే ఏటిగట్టు. గట్టెక్కితే అవతలి ఒడ్డు ఆనవాలు కూడా దొరకనంత నది. మా ఆయన మొదటిరోజు గట్టు మీద నిలబడి, "అచ్చం మా లంకలాగే ఉందే" అన్నాడు. "మీ లంకల జూన్‌ల గూడ స్వెటర్ ఏసుకుంటరా?" అన్నాను.

పక్కింట్లో ఒక ముసలాయన ఒక్కడే ఉండేవాడు. పాప ఆయన్ని ఓపా అనేది, మేం మాలో మేం తాత అనుకునేవాళ్ళం. మా ఇంటి వెనక ఏటి ముక్కలో వల వేసే హక్కు ఆయనది. అది అక్కడ అందరికీ ఉండేది కాదు. గాలం వెయ్యాలంటేనే కోర్సు చదివి పరీక్ష పాసై కార్డు తెచ్చుకోవాలి. వలకైతే ఆ నీళ్ళ మీదే హక్కుండాలి. ఆయనకది వాళ్ళ తాత నుంచి వచ్చింది, కొన్నేళ్ళకోసారి చేపల ఆఫీసువాళ్ళు పొడిగిస్తారు. నీళ్ళలో గుంజలు పాతి, పొడుగాటి సంచుల్లాంటి వలలు కట్టి, పోటుకి లోపలికొచ్చిన చేప పాటుకి తిరిగి వెళ్తుంటే పట్టేవాడు. పాముల్లాంటి మలుగులూ, వెండి రంగు చిట్టి చేపలూ పడేవి. హోటళ్ళన్నీ మూసేశారు కాబట్టి గేటు దగ్గర బల్ల వేసుకుని అమ్మేవాడు.

మేం వచ్చిన మరుసటి ఏడు శీతాకాలం రాకముందే ఆయన హక్కు గడువు అయిపోతుంది. ఊళ్ళో గాలం వేసేవాళ్ళ సంఘం ఒకటుంది, ఆ ముక్క తమకిమ్మని వాళ్ళు అర్జీ పెట్టారు. ఏట్లో చేప లేకుండా పోవడానికి ఈ ముసలాయన వలలే కారణమని వాళ్ళ వాదన. తాత మాత్రం సముద్రంలోంచి వచ్చే సీల్ జంతువుల్ని తిట్టేవాడు. నున్నటి గుండు తల నీళ్ళ మీద తేలిందంటే ఆ పూట వల చిరిగినట్టే. వల కొనలో చిక్కిన చేపని బయటి నుంచే పీక్కుని, మెత్తటి పొట్ట భాగం తినేసి, మిగతాది వదిలేసి పోయేవి. వాటిని తాకడానికి చట్టం ఒప్పుకోదు. తాత చిరిగిన వల కుట్టుకుంటూ, "నేను కాగితాలు చూపించాలి, గాలం వాడు కార్డు చూపించాలి, దాన్ని అడిగేవాడే లేడు" అనేవాడు. వల పోతే ఆయనకి ఇంకేమీ లేదు. భార్య పోయింది, కూతురు ఎక్కడో దక్షిణాన ఉంది. తెల్లారి లేచి బూట్లు తొడుక్కోవడానికి ఆయనకున్న కారణం ఆ వలే.

మా ఆయన గాలం పరీక్షకి పేరు రాయించుకుంటే కరోనా వల్ల కోర్సు రద్దు చేశారు. దాంతో పొద్దున్నే లాగిన్ అవకముందే తాత పడవెక్కి కూర్చోవడం మొదలుపెట్టాడు. వట్టి చూడ్డానికే. తాత ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, మా ఆయన నోరు ఆగే మనిషి కాదు. ఇద్దరికీ బాగా కుదిరింది. పొద్దున తొమ్మిదింటి కాల్‌లో మా ఆయన దగ్గర నీచు వాసన కొడుతుంటే, కెమెరాలో వాసన పోదు కాబట్టి బతికిపోతున్నావు అని వెక్కిరించేదాన్ని.

రెండో ఏడాది, చెట్లు చిగురేసే రోజులు. ఒక పొద్దున గట్టు మీంచి కేకలు పెట్టుకుంటూ వచ్చాడు మా ఆయన. కొంపలేవో అంటుకున్నాయనుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తాను. పడవలో పెట్టె చూపించాడు. వెండిలా మెరుస్తూ, పెద్ద పెద్ద పొలుసులతో, పొట్ట కింద రంపంలాంటి అంచుతో ఒక చేప. "పులసే! చూడు! పులస!" అని ఆయన కళ్ళలో నీళ్ళు. నాకు చేపల గురించి ఏం తెలియదు గానీ, పెళ్ళయినప్పట్నుంచీ ఆ మనిషి అట్లా సంబరపడడం నేను చూడలేదు.

తాత తల అడ్డంగా ఊపాడు. ఇది ఫింటె అన్నాడు. పులస చుట్టమే, సముద్రంలోంచి ఏటికి ఎదురెక్కే జాతే. కానీ దాన్ని పట్టకూడదు, తినకూడదు, వల్లో చచ్చిపడినా సరే తిరిగి నీళ్ళలో వదిలెయ్యాల్సిందే. ఆ చేప పక్కలో సీల్ కొరికిన గాయం ఉంది, ఎప్పుడో చచ్చిపోయింది. మా ఆయన దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని వదల్లేదు. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ పులస ఎట్లా వండేదో, పులుసు కుండ చుట్టూ ఎవరెవరు కూర్చునేవాళ్ళో, వచ్చీరాని జర్మన్‌లో చెప్పుకుంటూ పోయాడు. తాత నది వైపు చూసి, "నీళ్ళలో పడేస్తే మళ్ళీ ఆ దొంగదే తింటుంది. తీసుకుపో. కానీ ఇది నీకు ఎవరూ ఇవ్వలేదు, నువ్వు చూడలేదు" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ మాట నా చెవుల్తో విన్నాను.

ఇంట్లో ఇంక పండగే. బెండకాయలు, వంకాయలు, చింతపండు. హాంబర్గ్ ఆసియా షాపు నుంచి తెచ్చి దాచుకున్న పచ్చిమిర్చి మొత్తం బయటికొచ్చింది. వంటింట్లోకి నన్ను రానివ్వలేదు. ముందు చేపని ఫోన్‌లో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు, కొత్త పెళ్ళికొడుకుని తీసినట్టు. వండాక ముట్టనివ్వలేదు, పులుసు మర్నాటికి ఊరాలట. మర్నాడు అన్నంలో కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఆయన గిన్నె తన వైపు జరుపుకున్నాడు. నాకు ముళ్ళు తీసుకోవడానికే సరిపోయింది. పాప "ఇగిట్" అని మొహం తిప్పేసుకుంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

వాళ్ళ వైపు ఒక పద్ధతుంది. పెద్దమనిషితో పని పడితే, తగాదా తీరాలంటే, సీజన్‌లో ఆయనింటికి పులస పంపుతారు. డబ్బిస్తే లంచం, పులస ఇస్తే మర్యాద. పులస తిన్నవాడు మళ్ళీ మొహం చాటెయ్యలేడని వాళ్ళ నమ్మకం. మా ఆయన స్టీలు క్యారేజీలో పులుసు సర్దుతుంటే ఎక్కడికి అన్నాను. గాలం సంఘం పెద్దాయన దగ్గరికి అన్నాడు.

"నీకేమన్న మెదడున్నదా? తాత ఏం జెప్పిండు నీకు?"

"ఆయన అమ్మొద్దన్నాడు గానీ పెట్టొద్దనలేదుగా. ఒక ముద్ద తింటే ఆ పెద్దాయనే మెత్తబడతాడు. తాత గురించి ఒక్క మాట చెప్పొస్తాను, అంతే."

"అమ్మొద్దనలే, చూడనేలేదను అన్నడు! మనం పోయి చూసినమని చెప్తమా?"

వినలేదు. నాకు అప్పుడే కాల్ మొదలైంది, హెడ్‌సెట్ పెట్టుకునేసరికి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. వచ్చేటప్పుడు మొహం వెలిగిపోతోంది. సంఘం పెద్దాయన ఎంతో మర్యాదగా తీసుకున్నాడట, ఏం చేపని అడిగాడట. ఈయన గారు ఫోన్ తీసి ఫొటో చూపించాడు. వెనకాల తాత పడవ, పెట్టె మీద తాత పడవ నంబరు, అన్నీ ఉన్న ఫొటో. చాలా అందంగా ఉంది, నాకూ పంపిస్తావా అన్నాడట. పంపించాడు. "ఇగ అయిపోయింది" అన్నాను. "నీకన్నీ అనుమానాలే" అన్నాడు.

ఆ వారంలోనే క్యారేజీ తిరిగొచ్చింది. శుభ్రంగా కడిగి, పాపకి చాక్లెట్లు పెట్టి, చాలా రుచిగా ఉందని చెప్పి మరీ ఇచ్చాడు పెద్దమనిషి. కడుపునిండా తిని, మూతి తుడుచుకుని, ఆ ఫొటోని చేపల ఆఫీసుకి పంపాడు. నేనిప్పటికీ ఆ మనిషిని రోడ్డు మీద చూస్తే నోట్లోకి వచ్చిన మాట మింగాల్సిందే.

ఎండాకాలంలో మా ఆయనకి చేపల ఆఫీసు నుంచి పిలుపొచ్చింది, ఫలానా రోజుకి టెర్మిన్ ఇచ్చాం, హాజరై జరిగింది చెప్పమని. రక్షిత జాతి చేపని ఉంచుకోవడం చిన్న తప్పు కాదని ఇంటర్నెట్‌లో చదివాక ఆయనకి తిండి దిగలేదు. మేం అప్పటికే పర్మనెంట్ రెసిడెన్సీకి పెట్టుకుని ఉన్నాం. కేసు అయితే అది ఆగుతుందేమో, ఉద్యోగం సంగతేమవుతుందో, పాప ఆ సెప్టెంబర్‌లో బడికెళ్ళాలి. ఇద్దరం చెరో గదిలో పని చేస్తున్నట్టు నటించేవాళ్ళం.

తాత ఇంటికి వెళ్ళి కాళ్ళ మీద పడతానన్నాడు. వెళ్ళాడు. తాత తలుపు తీశాడు, తిట్టలేదు, లోపలికీ రమ్మనలేదు. "అక్కడ అడిగిన దానికి అవునను" అని మాత్రం చెప్పి తలుపేశాడట. ఏం అడుగుతారో చెప్పలేదు.

టెర్మిన్‌కి ఇద్దరం వెళ్ళాం. దారంతా మా ఆయన ఒకటే మాట. "నేనే అడుక్కున్నానని చెప్తాను. ఆయన వద్దన్నాడని చెప్తాను. జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను." చెప్పు అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

గాజు అద్దం అవతల మాస్కు పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. మంచి మనిషిలాగే ఉంది. పేపర్లు చూసి, నింపాదిగా చెప్పింది. "ఇది మామూలు హేరింగ్ చేప, తినొచ్చు అని తానే మీకు చెప్పి ఇచ్చానని ఆ మత్స్యకారుడు ఒప్పుకున్నారు. మీకు నిజం తెలియదని కూడా అన్నారు. అది నిజమేనా?"

గదిలో ఎక్కడో ప్రింటర్ తిరుగుతోంది. మా ఆయన మాస్కు లోపలికీ బయటికీ ఆడుతోంది. ఆ ఒక్క మాటతో మేం బయటపడతాం, ఆ ఒక్క మాటతోనే తాత మునుగుతాడు. అబద్ధం చెప్పి మోసగించి చేప అంటగట్టినవాడికి ఇంక ఏ ఆఫీసూ హక్కు పొడిగించదు. అది నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు, తల ఊపనూ లేదు.

"అవును" అన్నాడు.

ఆవిడ రాసుకుంది. ఇకనుంచి జాగ్రత్తగా ఉండమని చెప్పింది. బయటికొచ్చాక నాకు ఊపిరి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో సంతోషమే వేసింది, పాప బడి బ్యాగు గుర్తొచ్చింది. బస్‌స్టాప్ దాకా వచ్చేసరికి తల కొట్టేసినట్టయింది. ఇద్దరం బస్సులో వేరువేరు సీట్లలో కూర్చున్నాం. కరోనా దూరం అని అనుకోవచ్చు చూసేవాళ్ళు.

ఆకులు రాలే వేళకి హక్కు సంఘానికి పోయింది. తాత తన గుంజలు తనే పీక్కోవాలని ఆఫీసువాళ్ళు గడువిచ్చారు. ఒక శనివారం, నీళ్ళు బాగా వెనక్కి తీసినప్పుడు, ఆయన బురదలో మోకాళ్ళ దాకా దిగి ఒక్కడే గుంజతో పెనుగులాడుతుంటే కిటికీలోంచి చూశాం. ఆ వయసులో అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మా ఆయన బూట్లు వేసుకుని దిగాడు, వెనకాలే నేనూ గట్టెక్కాను.

తాత తలెత్తి చూశాడు. "సరిగ్గా చెప్పావా అక్కడ?" అని అడిగాడు.

"చెప్పాను."

"గుట్" అన్నాడు తాత, మంచిదన్నట్టు. మళ్ళీ గుంజ వైపు వంగాడు.

మా ఆయన బురదలో అలాగే నిలబడిపోయాడు. ఏడుపు ఆపుకోవడం ఆయనకి చేతకాదు. "నన్ను తిట్టండి" అన్నాడు. "నోటికొచ్చినట్టు తిట్టండి. కొట్టినా సరే. ఏదో ఒకటి అనండి నన్ను."

తాత గుంజ వదిలి నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచాడు. కోపం లేదు ఆ మొహంలో, అలసట ఉంది.

"తిడితే నువ్వు ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతావు" అన్నాడు. "నేనంత మంచివాణ్ణి కాదు. ఆ కొస పట్టుకో."

మా ఆయన పట్టుకున్నాడు. చీకటి పడేలోపు అన్నీ పీకేశారు.