గ్యాస్ట్రిక్ అని రాసిన ఫారం

2023 జూలై. దోహాకి ఉత్తరాన, అల్ ఖోర్ శివార్లలో మా కంపెనీ క్యాంప్. రాస్ లఫాన్‌లోని గ్యాస్ ప్లాంట్లకు స్కాఫోల్డింగ్, అంటే ఇనుప పైపులతో పరంజాలు కట్టే పని మాది. పనివాళ్ళు తెల్లారగానే ఏసీ బస్సుల్లో సైట్‌కి వెళ్తారు. నేను క్యాంప్ గేటు పక్కన రేకుల క్యాబిన్‌లో కూర్చుంటాను. నా ఉద్యోగం పేరు వెల్ఫేర్ ఆఫీసర్. పేరు గొప్ప ఊరు దిబ్బ. గదిలో ఏసీ పనిచేయకపోయినా, మెస్‌లో పప్పు నీళ్ళలా ఉన్నా, సెలవు దొరక్కపోయినా అందరూ నా మీదికే వస్తారు. వాళ్ళ మాట ఆఫీసుకి, ఆఫీసు మాట వాళ్ళకి మోస్తూ అడకత్తెరలో పోకచెక్కలా బతుకుతున్నాను.

నా చేతిలో ఉన్న అసలైన పని సిక్ లీవ్ క్లెయిమ్. పనివాడికి జబ్బు చేస్తే, డాక్టర్ కాగితం ఉంటే, కొన్నాళ్ళు పూర్తి జీతంతో, ఆ తర్వాత కొన్నాళ్ళు సగం జీతంతో సెలవు ఇవ్వాలని ఇక్కడి చట్టం. అది కంపెనీ దయ కాదు, వాడి హక్కు. కాకపోతే ఫారంలో జబ్బేమిటో రాయాలి. ఆ గడి నింపడంలో నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం.

నా పద్ధతి ఇదీ. జ్వరమైతే జ్వరం, నడుం నొప్పయితే నడుం నొప్పి. మనసుకి సంబంధించింది ఏదొచ్చినా మాత్రం గ్యాస్ట్రిక్. నిద్ర పట్టదన్నా, ఏడుపొస్తోందన్నా, చెయ్యి వణుకుతోందన్నా గ్యాస్ట్రిక్కే. నేను కనిపెట్టిన పద్ధతి కూడా కాదు, నాకు ముందు పనిచేసినాయన నేర్పి వెళ్ళాడు. గ్యాస్‌కి ఎవరినీ ఇంటికి పంపరు. మనసు బాగోలేదని రాస్తే మాత్రం ఫోర్‌మన్ దగ్గర్నుంచి వంటవాడి దాకా అందరూ ‘మజ్నూన్’ అంటారు. అరబ్బీలో పిచ్చివాడని అర్థం. అందుకని నేను అబద్ధం రాస్తున్నాననుకోలేదు, వాళ్ళని కాపాడుతున్నాననుకున్నాను.

రాజేశం నా క్యాబిన్‌కి వచ్చింది ఆ నెల మొదట్లోనే. జగిత్యాల దగ్గరివాడు, నలభైకి దగ్గరపడ్డాడు. పరంజా కట్టడంలో మా కంపెనీలో అతన్ని మించినవాడు లేడు. బెల్టు తగిలించుకుని అంత ఎత్తున పైపుల మీద మన హాల్లో మనం నడిచినట్టు నడిచేవాడు. కిందనుంచి చూస్తే నాకు కళ్ళు తిరిగేవి. అలాంటివాడు వచ్చి నా ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను లేచి తలుపు వేయబోతే, “ఉండనియ్యుండ్రి సారు” అన్నాడు.

“ఏమయ్యా, ఏమైంది?”

“బస్సు ఎక్కలేకపోతున్న సారు.”

నాకు నవ్వొచ్చింది. “ఆకాశమంత ఎత్తు ఎక్కేవాడివి, బస్సు ఎక్కలేవా?”

అతను నవ్వలేదు. “పైన గాలి ఉంటది సారు. బస్సుల తలుపు పడంగనే బుగులు వడ్తది. గుండె దడదడ కొట్టుకుంటది, దమ్ము అందది, చేతులు తిమ్మిరెక్కుతయ్. ఈడనే సచ్చిపోత అనిపిస్తది. సైట్ కాడ దిగినంక కొంచెం సేపటికి మల్ల మంచిగైత. పోయిన చలికాలం సంది గిట్లనే ఉన్నది.”

బుగులంటే వాళ్ళ వైపు భయం. చలికాలం నుంచంటే, పొద్దునొకసారి, సాయంత్రమొకసారి చచ్చిపోతానేమో అనుకుంటూనే నెలల తరబడి డ్యూటీకి వెళ్ళొస్తున్నాడన్నమాట. నేను అంతవరకు ఆలోచించలేదు. ఫారం తీశాను.

“ఇంట్లో చెప్పావా?”

“ఎట్ల జెప్త సారు? రాజేశానికి దుబాయిల పిచ్చి లేసిందని ఊరంత అంటరు.”

ఎడారి దేశం ఏదైనా వాళ్ళ ఊరికి దుబాయే. “అలా అననివ్వన్లే” అని ఛాతీలో మంట, గ్యాస్ట్రిక్ అని రాశాను.

అతను కొంచెం ఇంగ్లిష్ చదవగలడు. “గ్యాస్ అని రాసిండ్రేంది సారు?”

“నీ మంచికేనయ్యా. సంతకం పెట్టు.”

ఆ కాగితం మీద సంతకం పెట్టాడు.

పది రోజులు సెలవు మీద గదిలో ఉన్నాడు. కంపెనీ డాక్టర్ ఛాతీ మంట అన్న మాట చూసి ఈసీజీ తీయించాడు, రక్తం పరీక్ష చేయించాడు, కడుపు స్కాన్ చేయించాడు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఉండక ఏం చేస్తాయి? డాక్టర్ తప్పేమీ లేదు, చూడమన్న చోట చూశాడు. ‘ఫిట్ ఫర్ డ్యూటీ’ అని రాసేశాడు. క్లెయిమ్ తిరిగొచ్చింది. ఆ పది రోజులూ ఆబ్సెంట్ కింద పడ్డాయి. రాజేశం మళ్ళీ బస్సెక్కాడు.

మూడో రోజు హైవే మీద, నడుస్తున్న బస్సులో తలుపు ఎమర్జెన్సీ హ్యాండిల్ లాగేశాడు. డ్రైవర్ బ్రేకు వేశాడు. తలుపు తెరుచుకోగానే రాజేశం దిగి రోడ్డు పక్కన ఇసకలో కూలబడిపోయాడు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు గానీ, బస్సు నిండా మనుషులున్నారు. గ్యాస్ ప్లాంట్ల పనుల్లో సేఫ్టీ తప్పంటే మామూలు విషయం కాదు. సాయంత్రానికల్లా నోటీసు వచ్చింది. ఉద్యోగంలోంచి తీసేసి ఇంటికి పంపాలని ప్రతిపాదన.

అప్పుడు భయం నాకు పట్టుకుంది. నా కారులో దోహాలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అద్దాలన్నీ దించితే తప్ప ఎక్కనన్నాడు. జూలై నెల ఎండలో, అల్ ఖోర్ నుంచి దోహా దాకా, ఏసీ లేకుండా! వడగాలికి మొహం కాలిపోయింది, చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. మధ్యలో అతనే, “మీకు తిప్పలైతున్నది సారు” అని నా మీద జాలిపడ్డాడు.

మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ సుడాన్ ఆవిడ. మన దేశంలో చదువుకుంది, హిందీ బాగా వచ్చు. గంటసేపు ఓపిగ్గా అడిగింది. పానిక్ డిజార్డర్ అని తేల్చింది. అది యాంగ్జైటీ జబ్బుల్లో ఒక రకం. కారణం లేకుండానే ఒళ్ళు ప్రాణం మీదికొచ్చిందని కేకలు పెడుతుందట. రాజేశం విని, “అంటే ప్లాంట్ల గ్యాస్ లీక్ గాకున్నా అలారం మోగినట్టు” అన్నాడు. ఆ మాట నేను హిందీలో చెబితే ఆవిడ సంతోషపడి, సరిగ్గా అంతేనంది. అది పది నిమిషాల్లో శిఖరానికెక్కి దానంతటదే దిగుతుందనీ, దానివల్ల ఎవరూ చచ్చిపోరనీ చెప్పింది. ఏ దెబ్బ తగిలి ఇది మొదలైందోనని నేను పక్కనుంచి తవ్వబోయాను. ఏ కారణమూ లేకుండా కూడా రావచ్చంది.

రిపోర్టు ఇచ్చింది. నెల రోజులు వైద్యం, ఆ తర్వాత కొంతకాలం నేల మీద పని, మూసిన బస్సు కాకుండా వేరే బండి. ఇవన్నీ రాసి కొత్త క్లెయిమ్ పెట్టాను. హెడ్డాఫీసు హెచ్‌ఆర్ మేనేజర్ నుంచి ఒక్క ముక్కలో జవాబొచ్చింది: ‘మొదట కడుపన్నారు, ఇప్పుడు మనసంటున్నారు, రేపు ఏమంటారు?’ గురువారం అందరూ ఆయన ముందు హాజరు కావాలని చెప్పాడు.

నేను రాసిన అబద్ధం రాజేశం మెడకి చుట్టుకుంది. నేనే తప్పు రాశానని ఒప్పుకుంటే నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. మేం దోహాలో ఐన్ ఖాలిద్ వైపు ఉంటాం, పాప అక్కడే స్కూలు. ఇంట్లో మా ఆవిడకి చెప్పుకుని, వాడి మంచికోసమే కదా రాశానని సమర్థించుకున్నాను. ఆవిడ కూర తరుగుతూనే, “మీరు ఆయన జబ్బుకి పేరు మార్చారు గానీ, ఆయనకి చేసిన సాయం ఏముందండీ?” అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. నిజం మాటకి వచ్చే కోపం అలాగే ఉంటుంది.

అయినా బుద్ధి రాలేదు. గురువారం హెడ్డాఫీసు బయట కారాపి, “గ్యాస్‌తోనే మొదలై తర్వాత భయంగా మారిందని చెప్పు, రెండు కాగితాలూ కలిసిపోతాయి” అని నేర్పాను.

“వద్దు సారు” అన్నాడు రాజేశం. “అబద్ధానికి అబద్ధం అతుకేస్తే నాకు యాదుండది. నాది నేనే జెప్త.”

మా హెడ్డాఫీసు దోహాలోనే, మదీనత్ ఖలీఫాలో ఒక విల్లా. మీటింగ్ గదికి కిటికీ లేదు. బల్లకి అటు మేనేజర్, జోర్డాన్ ఆయన. పక్కన కంపెనీ డాక్టర్. ఇటు మేమిద్దరం. రాజేశం తెలుగులో చెబితే నేను ఇంగ్లిష్‌లో చెప్పాలి. తలుపు మూశారు. మేనేజర్ మొట్టమొదట అడిగింది, నేను అడిగిందే. అంత ఎత్తు ఎక్కేవాడికి బస్సంటే భయమా అని.

రాజేశం నోరు తెరిచాడు. రెండు మాటలు చెప్పేసరికి గొంతు ఆగిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. పెదాలు తెల్లబడ్డాయి. మేనేజర్ కంగారుపడి, “బయటికి తీసుకెళ్ళండి, తలుపు తీయండి!” అన్నాడు. నేను లేచాను.

రాజేశం అరచెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. “తలుపు తియ్యకుండ్రి సారు. ఇది వచ్చింది... పోతది. ఆగుమనుండ్రి.”

నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. మేనేజర్ మళ్ళీ కూర్చున్నాడు. డాక్టర్ వచ్చి నాడి పట్టుకుని చూసి, ఇది నటన కాదు, ప్రాణానికి ప్రమాదమూ లేదన్నట్టు మేనేజర్ వైపు తిరిగి మెల్లగా తలూపాడు. రాజేశం రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ చేతుల వణుక్కి బల్ల మీద టీ కప్పులు గలగలమన్నాయి. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. చచ్చిపోతున్నానని ఒళ్ళంతా అరుస్తుంటే, లేచి పారిపోవడానికి దారి ఉండి కూడా, ఆ మనిషి కుర్చీలోంచి కదల్లేదు. మేం ముగ్గురం చూస్తున్నాం. అంతకుముందు ఎవరిలోనూ నేను అంత ధైర్యం చూడలేదు.

గోడ గడియారంలో పది నిమిషాలు దాటాయి. ఊపిరి నెమ్మదించింది. మంచినీళ్ళు తాగాడు. ఆపిన చోటే మాట అందుకున్నాడు.

“గదే సారు నేను జెప్పేది. దినాం రెండుసార్లు గిట్లయితది. ఐనా డ్యూటీ ఇడ్వలే. ఆ ఒక్కనాడు పట్టుకోలేకపోయిన. నడుస్తున్న బస్సు తలుపు తీసుడు తప్పే, ఒప్పుకుంట. మందులు వాడుతున్న. ఉత్తగ ఏం అడుగుతలేను. జబ్బువడ్డోనికి ఇచ్చేదే నాకూ ఇయ్యుమంటున్న.”

ఆ మాటలే ఇంగ్లిష్‌లో చెప్పాను. మేనేజర్ స్వరం మెత్తబడింది, కానీ కాగితం మనిషి కదా, “మరి మొదట గ్యాస్ట్రిక్ అని ఎందుకు చెప్పాడు?” అన్నాడు.

దాన్ని నేను తెలుగులో చెప్పాను. రాజేశం నా వైపు చూస్తే చాలు, వేలు కూడా చూపించక్కర్లేదు. చూడలేదు. బల్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. అంతటి మనిషి పక్కన కూర్చుని దాక్కోవడం నావల్ల కాలేదు.

“ఆయన చెప్పలేదు సార్. మొదటి రోజే నాకు బస్సూ, భయమూ, ఊపిరాడకపోవడం అన్నీ చెప్పాడు. గ్యాస్ట్రిక్ అని రాసింది నేను” అన్నాను.

మేనేజర్ నా వైపు తిరిగాడు. “ఇలాంటివి ఇంకెన్ని రాశావు?” అన్నాడు. చాలా రాశానని చెప్పాను.

వారం తిరక్కుండా రెండు లెటర్లు వచ్చాయి. రాజేశం క్లెయిమ్ మంజూరైంది. ఆబ్సెంట్ పడిన పది రోజులూ సిక్ లీవ్‌గా మారాయి. బస్సు సంగతికి ఒక హెచ్చరికతో సరిపెట్టారు. సెలవు తర్వాత క్యాంప్ వెనక యార్డులోనే పైపులు, వాటిని బిగించే క్లాంపులు సరిచూసే లైట్ డ్యూటీ. రెండో లెటర్ నాకు, వార్నింగ్. ఉద్యోగం మిగిలింది, అది చాలు.

సెలవయ్యాక రాజేశం యార్డులో పనిలో చేరిన రోజు టీ పట్టుకుని వెళ్ళాను. భయం ఇంకా వస్తుందనీ, అయితే వారానికి ఒకటో రెండో అనీ చెప్పాడు. చాలా రోజులుగా నన్ను తొలుస్తున్న మాట అడిగేశాను.

“మేనేజరే తలుపు తీయమన్నాడు కదా, ఆ రోజు బయటికి ఎందుకు రాలేదయ్యా?”

“బయటికొస్తే వాళ్ళకేం కనవడ్తది సారు?” అన్నాడు టీ ఊదుకుంటూ. “కాయితం మీద రాస్తే నమ్మకపోయిరి. కండ్లతోని చూస్తేనన్న నమ్ముతరని రానిచ్చిన.”

“రానివ్వడమేంటి?”

“గసొంటి జాగకు పోయేముందు ఏసుకొమ్మని డాక్టరమ్మ ఒక గోలి ఇచ్చిందుండె. ఏసుకుంటే రాకపోతుండెనేమో. జేబుల్నే ఉండె. ఏసుకోలే.”

డాక్టరమ్మ చెప్పింది కాదని మాత్ర మానేయడం సరైన పనేమీ కాదు, ఇంకెవరినీ అలా చేయమని నేను చెప్పను. కానీ తన హక్కు తనకి రావడం కోసం, తనకి చావులాంటిదాన్ని పరాయివాళ్ళ ఎదుట కావాలని పిలిచి కూర్చోబెట్టుకున్న మనిషికి నేనేం చెప్పగలను?

ఆ తర్వాత జబ్బు పేరు రాసే గడి దగ్గర నా తెలివి వాడటం మానుకున్నాను. తలుపు తీసే ఉంచి, ఒంట్లో ఏమవుతోందని అడుగుతాను. ఏది చెబితే అది, వాళ్ళ మాటల్లోనే రాస్తాను. అవసరమైతే డాక్టర్ దగ్గరికి నేనే వెంట వెళ్తాను. కొందరు ఇప్పటికీ, “గ్యాస్ అనే రాయుండ్రి సారు” అంటారు. అబద్ధం రాయనని చెబుతాను గానీ, వాళ్ళని మాత్రం తప్పుపట్టను. ఆ గదిలో ఆ పది నిమిషాలు కూర్చోగల ధైర్యం నాకుందా అని ఎన్నోసార్లు నన్ను నేను అడిగి చూసుకున్నాను. లేదు.