దుందుభి వాగుకు హుకుం తెచ్చిన యోహాను

యోహాను రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసేవాడు. జడ్చర్లకు అవతల దుందుభి వాగు మీద రైలు వంతెన ఉంది. ఆ వంతెన పక్కనే గ్యాంగు వాళ్ళ రేకుల కొట్టాలు. పొద్దున్నే గడ్డపార, సుత్తె భుజాన వేసుకుని బయల్దేరి, పట్టాల కింద కంకర సర్దుతూ, వదులైన బోల్టులు బిగిస్తూ పోయి పొద్దుగూకేసరికి కొట్టానికి చేరేవాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక మాత్రం ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. వెదురు కట్టె, గాలం, ఎర్రల డబ్బా పట్టుకుని వంతెనకు కాస్త ఎగువనున్న బూరుగు మడుగుకు పోయేవాడు.

ఎండాకాలం వస్తే దుందుభిలో ఇసుక తప్ప ఏమీ మిగలదు. బూరుగు మడుగు లాంటి లోతు చోట్లలోనే నీళ్ళుంటాయి. వాగులోని చేపలన్నీ అక్కడే తలదాచుకుంటాయి. తొలివానలకు వరద రాగానే ఎదురెక్కి, కాలువల్లోకి చెరువుల్లోకి పాకి గుడ్లు పెడతాయి. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ చేప అక్కణ్ణుంచే పుడుతుందన్న మాట.

యోహాను చేపలమ్ముకుని బతికే మనిషి కాదు. పట్టినవాటిలో కూరకు సరిపడా ఒకటి ఉంచుకుని తక్కినవి నీళ్ళలోకే వదిలేసేవాడు. భార్య ఈదమ్మకు అది ఒక పట్టాన మింగుడుపడేది కాదు.

“దొరికినయి ఇడిసిపెట్టనీకె పొద్దంత ఎండల కూసునుడెందుకయ్యా? పిచ్చిగిట్ల లేసిందా?” అనేది.

“కూరకోసం గాదే. బెండు మునిగినప్పుడు చెయ్యి జివ్వుమంటది సూడు, గందుకు” అనేవాడు యోహాను.

ఆ జివ్వుమనే సుఖం తెలిసినవాళ్ళు అక్కడ ఇంకో ఇద్దరుండేవారు. ఒకడు గొర్రెలు కాసే గుర్వయ్య. మంద నీళ్ళు తాగి కునుకు తీసేంతసేపు తనూ ఒక గాలం వేసేవాడు. రెండో ఆయన ఇమాం సాబ్. పోలీసు జవానుగా చేసి పింఛను పుచ్చుకుంటున్నాడు, ఉర్దూ రాయడం చదవడం వచ్చు. యోహాను లాంటివాణ్ణి అంటరానివాడని ఊరి బావి గట్టెక్కనివ్వని రోజులవి. మడుగు ఒడ్డున బండ మీద మాత్రం ముగ్గురూ పక్కపక్కనే కూర్చునేవారు. మాటలు తక్కువ. మాట్లాడితే చేప బెదురుతుందని ఇమాం సాబ్ దగ్గును కూడా తువాలులో దాచుకునేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఎండాకాలంలో ఒక గుత్తేదారు ఆ ప్రాంతానికి వచ్చాడు. గుట్టలు పేల్చి రోడ్డుకు కంకర కొట్టించే పని అతనిది. ఒక ఆదివారం ముగ్గురూ మడుగు దగ్గరికి వచ్చేసరికి గుత్తేదారు మనుషులు అక్కడున్నారు. గుట్టను పేల్చే తోటా ఒకటి ముట్టించి మడుగులోకి విసిరారు. నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచి పడ్డాయి. కాసేపటికి మడుగంతా తెల్లబడింది. చేపలు పొట్టలు పైకి తేలి అటూ ఇటూ ఊగుతున్నాయి. వాళ్ళు మోకాళ్ళ లోతు దిగి, పెద్దపెద్దవి ఏరి గోనెసంచుల్లో వేసుకున్నారు. ఆ పూట గుత్తేదారు ఇంట్లో విందట.

యోహాను నీళ్ళలోకి దిగి ఒక వాలుగ చేపను చేతుల్లోకి తీసుకున్నాడు. నడుము విరిగింది. కడుపునిండా గుడ్లున్నాయి.

“సిన్నయన్నీ గిట్లనే వదిలేస్తున్నరు. ఇవి ఎవలు తింటరు?” అని అడిగాడు.

“నక్కలు తింటయి. నీకేందిరా నొప్పి? వాగు నీ అయ్య జాగానా?” అన్నాడు వాళ్ళ మేస్త్రీ.

“నాది గాదు, నీది గాదు” అన్నాడు యోహాను.

మిగిలిన చేపలు మడుగులోనే కుళ్ళాయి. ఆ కంపుకు గుర్వయ్య గొర్రెలు మూతి పెట్టలేదు. వంతెన మీద రైలు పోతుంటే జనం కిటికీల దగ్గర ముక్కులు మూసుకున్నారు.

వాగులో తోటాలు పేల్చకుండా చట్టం కావాలని ఇమాం సాబ్ దరఖాస్తు రాశాడు. ముగ్గురూ తహసీలు కచేరికి పోయారు. అక్కడి అధికారి పేష్కారు దాన్ని చదివి, పక్కవాళ్ళకు కూడా చదివి వినిపించి నవ్వాడు.

“చాపల కోసం కానూనా? గివ్వాల చాపలంటరు, రేపు కప్పలంటరు. లేని కానూనును నేనెక్కడికెల్లి తెచ్చి అమలుజెయ్యాలె?”

బయటికి వచ్చాక గుర్వయ్య ఉసూరుమన్నాడు. “లేదన్నడు గదా, ఇగ పోదాం పా.”

“లేదన్నడంటే తేవాలనే గదనే అర్థం” అన్నాడు యోహాను.

ఇమాం సాబ్ అనుభవం ఉన్నవాడు. ఈసారి చేపల మాటెత్తకుండా, పేలుళ్ళకు రైలు వంతెన కాళ్ళు కదులుతాయని రైల్వే వాళ్ళకు రాశాడు. ఆ అర్జీకి వెంటనే కదలిక వచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, వంతెన చుట్టుపట్ల ఎవరూ తోటా పేల్చకూడదని బోర్డు పాతించాడు. గుర్వయ్య సంబరపడి చుట్ట ముట్టించాడు. వాళ్ళ బూరుగు మడుగు బతికిపోయింది. వాళ్ళ బండ, వాళ్ళ ఆదివారం, అన్నీ భద్రంగా ఉన్నాయి.

కానీ గుత్తేదారు మనుషులు ఎగువకు పోయి నల్లబండ మడుగును పేల్చారు. అక్కణ్ణుంచి ఇంకా పైకి పోయారు. యోహానుకు బండ మీద కూర్చోబుద్ధి కాలేదు.

“వంతెన ఏడున్నదో చాపకు ఎర్కనా సాబ్? మన మడుగొక్కటి మిగిలితే ఏం లాభం? వాగంతటికి హుకుం గావాలె.”

సంగతి ఇన్‌స్పెక్టరు చెవిన పడింది. యోహానును పిలిపించి, “బోర్డు పాతినం గదా, ఇంకేం కావాలె నీకు? నౌకరి కావాల్నా, చాపలు కావాల్నా?” అని గద్దించాడు.

యోహాను చేతులు కట్టుకునే జవాబు చెప్పాడు. “ఆరు రోజులు మీ నౌకరి దొరా. పట్టా ఏడనన్న వదులుంటే నన్ను తీసెయ్యుండ్రి. ఆదివారం మటుకు నాది.”

ఇన్‌స్పెక్టరు అతని ముఖం కేసి చూశాడు. ఆ గ్యాంగు కాపు కాసే పట్టాల్లో వదులు దొరకదని ఆయనకూ తెలుసు. పనిలోకి పంపేశాడు.

అప్పటినుంచి ఆదివారాలు గాలం ఇంట్లో చూరులోనే ఉండిపోయింది. ముగ్గురూ కొత్త దరఖాస్తు పట్టుకుని వాగు వెంట ఊరూరా తిరిగారు. గుర్వయ్య గొల్లల్ని కలిపాడు. కంపు నీళ్ళు చూసినవాళ్ళు కనుక వాళ్ళు వెంటనే వేలిముద్రలు వేశారు. చిక్కంతా బెస్తవాళ్ళ దగ్గర వచ్చింది. వాళ్ళలో అండాలు అనే ఆమె మాటకు విలువ ఉండేది. జడ్చర్ల అంగట్లో చేపలమ్మే మనిషి. ముగ్గురూ పోయేసరికి కత్తిపీట ముందేసుకుని పొలుసు తీస్తోంది. తల కూడా ఎత్తలేదు.

“మీరు ఆటకు గాలమేస్తరు. మాకు అది బువ్వ. ఆటగాండ్లు పోయి కానూను తెస్తే, రేపు గది మా వలల మీదనే పడ్తది. మా నోట్ల మన్ను గొట్టనీకె మా ఏలు ముద్రనే గావాల్నా?”

ఇమాం సాబ్ ఏదో చెప్పబోయాడు. యోహాను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. “అక్క అన్నదాంట్ల తప్పేం లేదు” అని వెనక్కి తిరిగాడు.

ఆ వారమంతా సుత్తె వేస్తూనే ఆ మాటే ఆలోచించాడు. ఆదివారం మళ్ళీ అండాలు ముందుకు పోయి నిలబడ్డాడు.

“అక్కా, కానూను ముందుగాల మా మీదనే పడాలె. తోటాలు ఎవలు ఎయ్యొద్దు, ఇసం కాయలు నూరి నీళ్ళల్ల ఎవలు కలపొద్దు. తొలి వరదకు చాప ఎదురెక్కేటప్పుడు మేం గాలం ముట్టం. గా కొన్ని దినాలు మీరు వాగుల వల ఎయ్యొద్దు. తతిమ్మ కాలమంత వల మీదే. మీ వల జోలికి ఎవడన్న వస్తే నేనే అడ్డం పడ్త.”

అండాలు కత్తిపీట పక్కకు జరిపింది. “మరి మిరుగం కార్తె సంగతేంది? మిరుగం నాడు చాప తినని ఇల్లుంటదా గీ దేశంల?”

“మిరుగానికి చెరువు చాప పట్టుండ్రి. వాగును ఇడిసిపెట్టుండ్రి. వాగుల ఎదురెక్కిందే గదా మల్ల చెరువులకొచ్చేది?”

ఆమె అతణ్ణి ఎగాదిగా చూసి నవ్వింది. “బుద్ధి ఉన్న ఆటగాడివే. మా కులపోల్లను అడిగి చెప్త” అంది. పై వారం తనవాళ్ళ వేలిముద్రల కాగితం పట్టుకుని తానే రేకుల కొట్టానికి వచ్చింది. ఆ పూట ఈదమ్మ ఆమెకు జొన్నరొట్టె పెట్టింది. అండాలు కూర్చుని తినే పోయింది. ఆ కొట్టంలో బెస్త కులంవాళ్ళు రొట్టె తినడం అదే మొదలు.

చలికాలంలో జిల్లాకు పెద్ద అధికారి అయిన తాలూక్దారు దౌరా మీద జడ్చర్ల వచ్చి డేరా వేశాడు. దరఖాస్తు ఆయన ముందు పెట్టారు. గుత్తేదారు తరఫున మేస్త్రీ కూడా వచ్చాడు.

“సర్కార్, వీళ్ళు పొద్దుపోక గాలం ఏసెటోల్లు. పేద బెస్తోల్ల కడుపు గొట్టనీకె వచ్చిండ్రు” అన్నాడు మేస్త్రీ.

తాలూక్దారు బెస్తవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. అండాలు కొంగు నడుముకు బిగించి ముందుకు వచ్చింది.

“నా కడుపు సంగతి నేను చెప్త దొరా. తోటా పడ్డ మడుగుల వలేస్తే ఆకులు, అలములు వస్తున్నయి. గాలమేసెటోడు ఒక్క చాపను పడ్తడు. తోటా ఏసినోడు దాని పిల్లల్ని, పిల్లల పిల్లల్ని సంపుతడు. మా బువ్వ ఎవలు గుంజుకున్నరో ఇగ మీరే చెప్పాలె.”

ఇమాం సాబ్ ఆ మాటల్ని ఉర్దూలో చెప్పాడు. తాలూక్దారు యోహాను వైపు తిరిగాడు. అందరి మీదా హుకుం అడుగుతున్నావు, మరి నీ సంగతేమిటి అని అడిగించాడు.

“ముందు నా గాలమే రాసుకోండ్రి సర్కార్” అన్నాడు యోహాను. “తొలి వరదల నేను గాలమేస్తే జుర్మానా నాకే మొదలు.”

డేరాలో నవ్వులు లేచాయి. తాలూక్దారు నవ్వలేదు. గుమాస్తాను పిలిచి రాయించడం మొదలుపెట్టాడు.

హుకుం చేతికి రావడానికి ఇంకా నెలలు పట్టింది. వచ్చాక దాన్ని వాగు వెంట ఊళ్ళన్నిటా చాటించమన్నారు. యోహాను పుట్టిన ఊళ్ళో చాటింపు అతని తండ్రి దుర్గయ్యదే. జీవితమంతా దొరల హుకుంలు, పన్నుల హుకుంలు, వెట్టి హుకుంలు డప్పు మీద చాటిన ముసలాయన. ఆ రోజు డప్పు సెగకు కాచుకుని, కొత్త తలపాగా చుట్టుకుని బయల్దేరాడు. చావడి ముందు నిలబడి తోటాల మాట, విషం మాట, తొలి వరద మాట చాటాడు. ఆ తర్వాత తలపాగా సర్దుకుని, కాగితంలో లేని మాట ఒకటి కలిపాడు.

“గీ హుకుం నా కొడుకు తెచ్చిండహో!”

అరుగుల మీది పెద్దమనుషులు ముఖముఖాలు చూసుకున్నారు.

ఆ ఏడు మిరుగం వెళ్ళాక వరద వచ్చింది. ఆదివారం ముగ్గురూ ఉత్త చేతులతో బండ మీద కూర్చున్నారు. ఈదమ్మ కూడా వెంట వచ్చింది. ఎర్రనీళ్ళు రాళ్ళ మీంచి దూకుతుంటే చేపలు ఆ నీళ్ళకు ఎదురు ఎగురుతున్నాయి. కొన్ని వెనక్కి పడి మళ్ళీ ఎగిరాయి. గుర్వయ్య అరచేతులు దురద పెడుతున్నాయని తొడలకు రుద్దుకున్నాడు. ఇమాం సాబ్ ఈసారి తువాలు అడ్డం పెట్టుకోకుండానే గట్టిగా దగ్గాడు. ఈదమ్మ చాలాసేపు చూసి, “అబ్బ, ఎంత సోకుగున్నదయ్యా” అంది. పెళ్ళయ్యాక ఆమె మడుగు గురించి మంచి మాట అనడం అదే మొదటిసారి. యోహాను ఆ మాటను గ్యాంగులో అందరికీ చెప్పుకున్నాడు.

గుత్తేదారు తర్వాత ఒకసారి పట్టుబడి జుర్మానా కట్టాడు. ఆపైన వాగు జోలికి రాలేదు. కొన్నేళ్ళలో నల్లబండ మడుగు మళ్ళీ నిండుగా కదిలింది. అండాలు గంపలో వాలుగలు కనబడసాగాయి.

నలభై ఎనిమిదిలో రాజ్యం మారింది. కచేరుల్లో పాత అధికారులు పోయి కొత్తవాళ్ళు వచ్చారు. ఆ తర్వాతి ఎండాకాలం యోహాను షాద్‌నగర్ వైపు పట్టాల పని మీద ఉన్నాడు. ఎక్కడివాళ్ళో లారీలో వచ్చి బూరుగు మడుగు దగ్గర తోటాలు దింపారు. గొర్రెలకాడి పిల్లలు చూసి అంగట్లో చెప్పారు. అండాలు, ఆమె వెంట అంగడి ఆడవాళ్ళు గంపలు అక్కడే వదిలి పరుగెత్తారు. పోయి నడుము లోతు నీళ్ళలో నిలబడ్డారు.

“హుకుం ఉన్నది, ఎయ్యనియ్యం” అంది అండాలు.

“నిజాం రాజ్యమే పోయింది. ఇంక హుకుమెక్కడిది?” అన్నాడు లారీవాడు.

“రాజ్యం పోతే పోయింది. వాగు ఈడనే ఉన్నది గదా!”

ఆడవాళ్ళు కదల్లేదు. వాళ్ళు నీళ్ళలో ఉండగా తోటా విసరలేక లారీ వాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు.

యోహాను ఇంటికొచ్చాక ఈదమ్మ ఈ కథంతా చెప్పింది. అతను కాళ్ళు కడుక్కోవడం కూడా మరిచి విన్నాడు.

“నాకు కబురు పంపాలని ఎవలకు తోచలేదా?” అన్నాడు.

“నువ్వెందుకయ్యా? వాళ్ళ వాగు, వాళ్ళ హుకుం. వాళ్ళే సూసుకున్నరు.”

మర్నాడు పని మీద యోహాను ఆ ముచ్చట గ్యాంగులో ప్రతి ఒక్కరికీ చెప్పాడు. గ్యాంగు పెద్ద అయిన మేటు కసురుకునేదాకా చెబుతూనే ఉన్నాడు. చెప్పిన ప్రతిసారీ, “నన్ను పిలువనే లేదు సూడు, ఒక్కరన్న పిలువలేదు” అంటూ సుత్తె కింద పెట్టి మురిసిపోయాడు.