జుట్టుకు చేపల మేత

అందరి పరువూ గంగలో కలుస్తుంది. నాది మండవల్లి దగ్గర మా నాన్న చూసుకునే చేపల చెరువులో కలిసింది. అదీ పట్టపగలు, చెరువెడు చేపల సాక్షిగా! జుట్టు పెంచాలని ఉబలాటపడేవాళ్లు ముందు ఇది చదివి, ఆ తర్వాతే దువ్వెన పట్టుకోండి.

అప్పుడు నేను ఏలూరులో ఎస్తేరు పిన్ని ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. నా జుట్టు మహా ఒత్తు. దువ్వెనలకు పళ్లు మిగిలేవి కావు. విసుగొచ్చి మెడ దాకా కత్తిరించేసుకుని తిరిగేదాన్ని.

పిన్ని టీచరు. ఆమెకు కేన్సర్ వచ్చింది. మందులు మొదలుపెట్టిన కొద్ది రోజులకే జుట్టంతా రాలిపోయింది.

"జబ్బు తగ్గుద్దంటున్నారే సువార్తా. తగ్గాక మాత్రం ఈ బోడి తలతో పిల్లల ముందు ఎలా నిలబడేది? నేనింక బడికి వెళ్లనే," అని ఏడ్చింది. బడి లేకపోతే మా పిన్ని బతకలేదు.

"నా జుట్టుతో విగ్గు చేయిద్దాం పిన్నీ!" అన్నాను వీరావేశంతో.

విగ్గులు చేసే ఆయన నా తల చుట్టూ ప్రదక్షిణ చేసి, "ఒత్తుకేం లోటు లేదండీ. కాకపోతే మూరెడు పొడుగుండాలండి. పెంచుకుని రండి," అన్నాడు.

పెంచాను. నా జుట్టు కిందికి పెరగడం మానేసి పక్కలకు పెరిగింది. బస్సులో వెనక సీటు ఆయన, "ఏవండీ, కాస్త తల వంచుతారా, ఏ ఊరొచ్చిందో కనబడటం లేదండీ," అని బతిమాలాడు. ఏడాదికి పిన్ని వైద్యం పూర్తయింది. వేసవి సెలవుల తర్వాత బడికి వెళ్లొచ్చన్నారు డాక్టరుగారు. నా జుట్టు మూరకు ఇంకా బెత్తెడు తక్కువ!

ఆ బెంగతోనే సెలవులకు ఇంటికొచ్చాను. నాన్న చెరువు గట్టు మీద మేత కలుపుతున్నాడు. తవుడు, వేరుశనగ చెక్క, పైన ఏదో బలం పొడి.

"ఈ మేతలో ఉందమ్మా మహిమంతా! వేలెడు పిల్ల ఏడాది తిరిగేసరికి మోచెయ్యంత అవుద్ది," అన్నాడు.

మోచెయ్యంత! అంటే మూరెడు! నా బుర్రలో దీపం వెలిగింది. అది వెలగకుండా ఉంటే ఎంత బాగుండేదో!

మా వైపు మేతను చిల్లుల సంచుల్లో నింపి చెరువులో వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి లాక్కుని తింటాయి. ఈ సంగతి మీరు గుర్తుంచుకోండి. పుట్టినప్పటి నుంచి చూస్తున్న నేను మాత్రం మరిచిపోయాను.

నాన్న టీకి వెళ్లగానే ఓ బకెట్ మేత ఇంటికి తెచ్చి తలకు పట్టించాను. కాసేపటికి అది ఎండకు పిడకలా బిగుసుకుపోయింది. కడుక్కుందామంటే కరెంటు లేదు, మోటారు తిరగదు. మళ్లీ చెరువుకే పరిగెత్తి, గట్టు నుంచి నీళ్ల మీదికి వేసిన మేత సంచుల బల్ల మీద వెల్లకిలా పడుకుని జుట్టు నీళ్లలోకి వదిలాను.

చల్లగా, హాయిగా ఉంది. ఇంతలో ఎవరో మెల్లగా కుదుళ్ల దాకా లాగినట్టయింది. నవ్వకండి, జుట్టు పెరుగుతోందనుకున్నాను!

తర్వాత చెరువు చెరువంతా కదిలొచ్చింది.

"నాన్నోయ్! చేపలు నా తల తినేస్తున్నాయ్!"

"రోజూ నువ్వు మా తల తినట్లేదా!" అంటూనే నాన్న పరిగెత్తుకొచ్చాడు. కంగారులో నేను లేవబోయాను, బల్ల ఒరిగింది, దబ్బున నీళ్లలో పడ్డాను. రెక్క పట్టి గట్టుకు లాగాడు.

అమ్మ నన్ను చూసి గుండెలు బాదుకుంది. "ఏవండీ, దాని నెత్తి మీద ఏంటండీ అది?"

"మన చేపల మధ్యాహ్నం భోజనమే!"

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనంటారు. ఏ మేత పెట్టకూడదో కూడా చెప్పి ఉండాల్సింది. తవుడు, నాచు కలిసి పడిన చిక్కు ఎంతకీ విడలేదు. చివరికి అమ్మ కత్తెర తీసింది. వేలెడు కూడా మిగల్లేదు. పిన్నికి ఏం చెప్పాలో తెలియక వెక్కి వెక్కి ఏడ్చాను.

తలకు చున్నీ చుట్టుకుని ఏలూరు వెళ్లాను. పిన్ని తలుపు తీసింది. ఆమె తలకూ గుడ్డ ఉంది. ఇంట్లో కూడా తీసేది కాదు.

"ఏమైందే?"

చెప్పాను. కథ చేపల దగ్గరికి వచ్చేసరికి పిన్ని పెదవి వణికింది. ఏడుస్తుందనుకున్నాను. పకపకా నవ్వింది! ఏడాదిలో ఆ నవ్వు వినలేదు నేను. కడుపు పట్టుకుని, గోడకు ఆనుకుని నవ్వుతుంటే తల గుడ్డ జారిపోయింది.

చూద్దును కదా, నల్లగా, ఒత్తుగా కొత్త జుట్టు! అచ్చంగా నా జుట్టంతే ఉంది. పిన్ని నన్ను అద్దం ముందుకు లాక్కెళ్లింది.

"ఒసే, నీకంటే నాదే బాగుందే! మేత కూడా పెట్టలేదు!"

బడి తెరిచిన రోజు గుడ్డ లేకుండానే వెళ్లింది. సాయంత్రం దాకా గుమ్మంలోనే నిలబడి ఎదురుచూశాను.

"పిల్లలు నీ తల చూసి ఏమన్నారు పిన్నీ?"

"నా తల ఎవడిక్కావాలే! నీ చేపల కథ చెప్పాను. రేపు మళ్లీ చెప్పమన్నారు."

ఇన్నేళ్లకు ఇప్పుడు నా జుట్టు మూర దాటింది. ఈ వారమే ఆ విగ్గులాయనకు ఇచ్చొస్తాను, ఇంకెవరి పిన్నికైనా పనికొస్తుంది. కాబట్టి నెత్తిన చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: చేపల కూడు ఇక ముట్టను. చెరువు గట్టుకు వెళ్తే మాత్రం కొప్పు బిగించి ముడేసుకుంటాను. నేను మరిచిపోయినా అవి మరిచిపోయాయో లేదో ఎవరికి తెలుసండీ!