వియత్నాం నుంచి తిరిగొచ్చి జహీరాబాద్‌లో ఎనిమిది అంకె తిప్పిన వేసవి

నలభై నాలుగేళ్లు వచ్చేదాకా నేను ఒంటరిగా హైదరాబాద్ దాటింది లేదు. జహీరాబాద్‌లోని ఒక ప్రైవేటు బడిలో పద్దెనిమిదేళ్లు లెక్కలు చెప్పాను. ఎక్కడికి పోవాలన్నా ఎవరో ఒకరి బండి వెనక సీటే గతి. కాలేజీ రోజుల్లో స్కూటర్ మీంచి పడి చెయ్యి విరిగాక మళ్లీ హ్యాండిల్ పట్టుకునే ధైర్యం చేయలేదు. నిరుడు దగ్గరివాళ్ల పెళ్లి ఒకటి, తీసుకుపోయేవాళ్లు ఎవరూ ఖాళీగా లేక మానుకున్నాను. పట్టుచీర కట్టుకుని గడపలో కూర్చున్న ఆ సాయంత్రం నా మీద నాకే కోపం వచ్చింది. ఎవరి తోడూ లేకుండా ఒక్కదాన్నే దూరదేశం పోయి రావాలనుకున్నాను. బడిలో అన్ని నెలలు సెలవు దొరకలేదు. రాజీనామా ఇచ్చి, నవంబర్‌లో వియత్నాం విమానం ఎక్కాను.

అక్కడ మూడు నెలలు, లావోస్, కంబోడియాల్లో రెండు నెలలు తిరిగాను. నిన్ బిన్ దగ్గరి పల్లెలో నేను అద్దెకున్న ఇంటావిడ పేరు హోవా. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. ఒకరోజు తన చిన్న బ్యాటరీ బండి మీద నన్ను కూర్చోబెట్టి, హ్యాండిల్ నా చేతికిచ్చింది. నేను ముందు చక్రం వైపు చూసినప్పుడల్లా వేలితో నా గడ్డం పైకెత్తి, దూరంగా పోవాల్సిన దారిని చూపించేది. మూడో వారానికి వరి మడుల మధ్య రోడ్డు మీద ఒక్కదాన్నే సంతకు వెళ్లొచ్చాను.

ఏప్రిల్ చివర్లో పొద్దున పదిన్నరకు శంషాబాద్‌లో దిగాను. సామాను తీసుకుని బయటికి రావడానికి గంట పట్టింది. ఎయిర్‌పోర్టు బస్సులో మియాపూర్ చేరాను. టికెట్ మూడు వందలకు కాస్త అటూఇటూ. అక్కడ జహీరాబాద్ ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. కండక్టరమ్మ నా సంచి వంక చూసింది.

"గంత పెద్ద బ్యాగు! యాడికెళ్లి వస్తున్నవ్ అక్కా?"

"వియత్నాంకెళ్లి."

"ఒక్కదానివే పోయినవా?"

"ఒక్కదాన్నే."

ఆమె బస్సంతా వినపడేలా, "జర జరుగున్రి! అక్క దేశాలు తిరిగొచ్చింది, కూసోనియ్యున్రి!" అంది. ఐదు నెలల్లో నాకు దక్కిన మొదటి సన్మానం అదే. సంగారెడ్డి, సదాశివపేట దాటి నాలుగింటికి జహీరాబాద్‌లో దిగాను. ఆటోకు యాభై ఇచ్చి ఇల్లు చేరేసరికి, కింద వాటాలో ఉండే మా ఇంటి యజమానురాలు రహీమా ఆపా జొన్నరొట్టెలు చేస్తోంది. అరవై దాటిన మనిషి. నన్ను చూసి పిండి చేతులతోనే కావలించుకుంది. పుంటికూర పప్పుతో నాలుగు రొట్టెలు తిన్నాక గానీ ఇల్లు చేరానన్న నమ్మకం కలగలేదు.

అసలు కష్టం మర్నాడు మొదలైంది. పాత బడిలో నా స్థానంలో వేరే టీచరు చేరిపోయింది. వారం తిరిగాక న్యాల్‌కల్ మండలంలోని ఒక పల్లె బడిలో ఖాళీ ఉందని తెలిసి వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ నా కాగితాలు చూసి, "అంత మంచిగనే ఉన్నది మేడం. కానీ ఎనిమిదిన్నరకే ప్రార్థన. పొద్దటి బస్సు మా ఊరికి తొమ్మిది దాటినంక వస్తది. ఎట్ల వస్తరు?" అని అడిగింది.

"బండి మీద వస్త" అనేశాను. ఆమె బడి తెరిచే రోజు నుంచి రమ్మంది. నాకు బండి లేదు, లైసెన్సూ లేదు.

సాయంత్రం ఆపాకు చెబితే నవ్వేసింది. "ఫికర్ ఎందుకు పద్మా? నా బిడ్డ పెండ్లయి బీదర్ పోయినకాన్నుంచి స్కూటీ ఊకెనే ఉన్నది. టైర్లల్ల గాలి కొట్టిపిచ్చి తీస్కపో."

లెర్నింగ్ లైసెన్స్ తీసుకుని రోజూ పొద్దున ఆరింటికి ఖాళీ మైదానంలో సాధన మొదలుపెట్టాను. వియత్నాంలో పడినా నన్ను ఎరిగినవాళ్లు లేరు. ఇక్కడ సగం ఊరు నా దగ్గర చదువుకున్నవాళ్లే. రెండో రోజే మైదానం మలుపులో బోర్లాపడ్డాను. నడకకు వచ్చిన నలుగురు పరుగెత్తుకొచ్చారు. అందులో ఇద్దరు నా పాత విద్యార్థుల తండ్రులు. సిగ్గేసింది. అయినా మోకాలు దులుపుకుని బండి లేపాను. లైసెన్స్ పరీక్షలో తిప్పమనే పెద్ద ఎనిమిది అంకెను ముగ్గుపిండితో నేల మీద గీసి, నెల రోజులు దాని మీదే తిరిగాను.

జూన్ మొదటి వారంలో పరీక్ష. నా ముందు ముగ్గురు మగవాళ్లు మలుపులో కాలు కింద పెట్టి వెనక్కి వచ్చారు. నా వంతు వచ్చింది. గడ్డం ఎత్తి, తిరగాల్సిన వైపే చూస్తూ రెండుసార్లు తిప్పాను. కాలు నేలకు తాకలేదు. అధికారి సంతకం పెడుతూ, "అయిపోయింది మేడం, పోండి" అన్నాడు.

రాయికోడ్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన నన్ను ఆపాడు. "నేను రెండుసార్లు ఫేలైన బిడ్డా. ఎట్ల తిప్పినవ్?"

"చక్రం దిక్కు చూడకున్రి పెద్దనాయనా. యాడికి పోవాల్నో ఆడికే చూడున్రి."

ఆయన తలపాగా సర్దుకుని ఎక్కాడు. మెల్లగా, వంకర్లు పోతూనే, కాలు పెట్టకుండా బయటపడ్డాడు! అక్కడున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

లైసెన్స్ చేతికొచ్చిన రోజున ఆపా బుర్ఖా వేసుకుని గేటు దగ్గర సిద్ధంగా నిలబడింది. "కోహీర్ల మా చెల్లె ఉన్నది. తీస్కపో" అంది. దారంతా నా భుజం గట్టిగా పట్టుకుని, ఎదురొచ్చిన లారీకల్లా "ఏయ్, పైలం!" అని కేకేసింది. కోహీర్‌లో దిగాక చెల్లెలితో, "బస్సు కోసం చూసుడు బందయింది. మా టీచరమ్మ తోలుతది" అని చాటింది. బడి తెరిచిన రోజు ఎనిమిదీ పదికే నేను ప్రార్థన మైదానంలో ఉన్నాను.

విదేశాల్లో తిరగడం కష్టమని అందరూ భయపెట్టారు గానీ, తిరిగొచ్చాక మన ఊళ్లో కొత్త మనిషిగా నిలబడటం అంతకన్నా కష్టమని ఎవరూ చెప్పలేదు. ఊరు మన పాత జాగాను మన కోసం ఖాళీగా ఉంచదు. ఉంచకపోవడమే నాకు మంచిదైంది. ఉన్న ఉద్యోగమే తిరిగి దొరికి ఉంటే, నేను మళ్లీ ఎవరి వెనక సీట్లోనో కూర్చునేదాన్ని.

నెలల తరబడి పోయేవాళ్లకు ఒక్క మాట: మీ ఇక్కడి ఫోన్ నంబరు రీచార్జ్ ఆపకండి. నాది ఆగిపోయి, బ్యాంకు నుంచి గ్యాసు దాకా ఏ పనికీ ఓటీపీ రాక పది రోజులు తిరిగాను. నంబరు బతికి ఉంటే ఆ పది రోజులూ ఏదైనా కొత్తది నేర్చుకోవడానికి మిగులుతాయి.