ఒత్తు ఊడిన అక్క

కెనడా తెలుగు కవిత్వం మీద ఒక కాటలాన్ కవి ప్రభావం బలంగా ఉందని మా మిస్సిసాగా సాహిత్య సంఘం ఉగాది సంచికలో అచ్చయింది. రేపెవరో పరిశోధకుడు అది నమ్మి సిద్ధాంత గ్రంథం రాసేస్తాడు. ఆ ప్రభావం పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను కాబట్టి రాసిపెడుతున్నాను.

ఆ కవిని నేను చదివాను. ఏ యూనివర్సిటీలోనూ కాదు. మా బ్రాంచి లైబ్రరీలో లేకపోతే వేరే ఊరి నుంచి తెప్పించుకుని, ఇంగ్లిష్ అనువాదంలో, రెన్యూ చేయించుకుంటూ చదివాను. తన కాటలాన్ భాషను స్పెయిన్ నియంత అణగదొక్కిన రోజుల్లో ఆయన ఆ భాషలోనే రాశాడు. ఛందస్సులో చెయ్యి తిరిగాకే పద్యాన్ని ఒక్క అక్షరానికి కుదించాడు. అక్షరాన్ని తలకిందులు చేశాడంటే దానికో కారణం ఉండేది.

మా అధ్యక్షులవారికి ఆయన పేరు మాత్రం తెలుసు, అదీ తప్పుగా.

సంచికకు ఒక ఆంటీ కవిత పంపారు. ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తూ, చిన్నప్పుడు తనకు జడలు వేసిన అక్కను తలుచుకోవడం. ప్రతి చరణం చివరా 'అక్క'. అధ్యక్షులవారి పాత కంప్యూటర్లో ఫాంటు కుదరక ఒత్తులన్నీ ఊడి కింది వరసలో చెల్లాచెదురుగా పడ్డాయి. పైన 'అక' మిగిలింది. ఆయన దాన్ని మీటింగులో తెర మీద వేశారు.

"చూశారా! అక్షరాన్నే బ్రేక్ చేశారు. అచ్చం ఆ స్పానిష్ కవిగారే, ప్యూర్ అవాంగార్డ్!"

"కాటలాన్ అండీ," అన్నాను.

"అదేలెండి, అక్కడో జిల్లా."

"అది ప్రయోగం కాదండీ, ఫాంటు పోయింది."

"మీరు లైబ్రరీ పుస్తకాలు చదివీ చదివీ ఫీలవడం మర్చిపోయారు!"

ఒక్కాయన తప్ప సభంతా నవ్వింది. కాటలోనియా ఏ దిక్కున ఉందో తెలియని సభ.

ఆంటీ లేచారు. "బాబూ, నేను రాసినట్టే వెయ్యండి. మా అక్కకి పంపాలి. తనకసలే చూపు అంతంతమాత్రం."

"మేడమ్, మీరేం సాధించారో మీకే తెలీదు!" అన్నారు అధ్యక్షులవారు. అలాగే అచ్చు వేశారు. కవిత కంటే పొడుగైన ముందుమాట, పక్కన తన ఫోటో.

ఆవిష్కరణ రోజు అందరూ సమోసాల దగ్గరుంటే ఆంటీ ఓ మూల కూర్చుని, ఓ పాప ఇచ్చిన పెన్నుతో తన కాపీలో ఏదో దిద్దుతున్నారు.

"ఏంటాంటీ?"

"ఇన్నాళ్లూ దేవుడికి వత్తులు చేసుకున్నా. ఇప్పుడు అక్షరాలకి పెట్టుకుంటున్నా."

అధ్యక్షులవారు పరుగున వచ్చారు. "అయ్యో, ఒరిజినల్ పాడుచేస్తున్నారు!"

"ఒరిజినల్ నాదే బాబూ," అన్నారావిడ, తలెత్తకుండా.

పుస్తకం తెప్పించిన లైబ్రరీ ఉద్యోగినికి, సభలో నవ్వని ఒకే ఒక్కాయనకు, ఆంటీకి పెన్ను ఇచ్చిన పాపకు కృతజ్ఞతలు. పేర్లు రాయను. రాస్తే అధ్యక్షులవారు వాళ్లను కూడా కాటలాన్ ఉద్యమంలో చేర్చేస్తారు. ఆంటీ దిద్దిన కాపీ అందిందట. అక్కగారు మొత్తం కవిత ఫోన్లో చదివి వినిపించారట, 'అక్క' దగ్గర ఎక్కడా తడబడకుండా.