జీతం తీసుకునే వకీలు

విశ్వవిద్యాలయం డిబేట్ పోటీల్లో నేను చివరిసారి వాదించింది అమెరికా ఫెడరల్ కోర్టుల్లోని పబ్లిక్ డిఫెండర్ల గురించి. నిందితుడి మీద కేసు నడిపే ప్రభుత్వమే అతని తరఫు వకీలుకూ జీతమివ్వడం న్యాయమేనా అన్నది ప్రశ్న. న్యాయమేనన్నాను. జీతం ఎవరిదైనా ఆ వకీలు బాధ్యత కక్షిదారుడి పట్లనేనని, మన కోర్టుల్లోనూ అలాంటి ఉచిత న్యాయవాదులున్నారని వాదించాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఆ తర్వాత కొద్దిరోజులకే మా హాస్టల్ మెస్‌లో వంట చేసే అక్క నన్ను కోర్టుకు తోడు రమ్మంది. ఆమె తమ్ముడు వారాసిగూడలో ఆటో నడిపేవాడు. అతని ఆటో ఎక్కినవాళ్ళ దగ్గర దొంగసొత్తు దొరికితే, అతన్నీ వాళ్ళతో కలిపి జైలుకు పంపారు. ఇంట్లో వాళ్ళ నాయన కాలేయం పాడై మంచం పట్టాడు. ఇక ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రిలో చెప్పేశారు. కళ్ళు తెరిచినప్పుడల్లా ఆయన కొడుకునే అడుగుతున్నాడు.

కోర్టు నియమించిన ఉచిత న్యాయవాది ఒక నడివయసు మహిళ. కేసు సంగతి కంటే ముందు, "నాయనకు మాట ఉందామ్మా? మనుషుల్ని గుర్తుపడుతున్నారా?" అని అడిగింది. డాక్టరు రాసిన కాగితం జతచేసి బెయిల్ పిటిషన్ వేసింది. సోమవారం విచారణ.

తిరిగొచ్చి తార్నాక మెట్రో మెట్ల కింద చాయ్ తాగుతుంటే అక్క అడిగింది.

"చెల్లె, ఆ మేడానికి జీతం ఎవరిస్తరు?"

"ప్రభుత్వం."

"మరి పోలీసోళ్ళకు?"

"అదీ ప్రభుత్వమే. కానీ అక్కా..."

"ఒక్క ఇంట్ల తినేటోళ్ళు మనకోసం కొట్లాడుకుంటరా ఏంది?"

వేదిక మీద చెప్పినదంతా తేలిక మాటల్లో మళ్ళీ చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది. "నువ్వు మస్తు మాట్లాడతవు చెల్లె. నువ్వే వకీలువైతే మంచిగుండు" అని నవ్వి, చాయ్ గ్లాసు పక్కన పెట్టింది.

సోమవారం కోర్టు దగ్గర కలిసేసరికి అక్క చెవులు బోసిగా ఉన్నాయి. మల్కాజ్‌గిరిలో ఉండే వాళ్ళ బావ పేరున్న వకీలును మాట్లాడాడట. జైల్లో తమ్ముడితో కొత్త వకాలత్ కాగితం మీద సంతకం కూడా పెట్టించారట.

"ఊకెనే ఒచ్చిన వకీలును పెట్టి, నాయన కోసం ఏం జేసినమని చెప్పుకోవాలె?" అంది. అది అనుమానమో ప్రేమో నాకు అర్థం కాలేదు. 

పేరున్న వకీలు రాలేదు. ఆయన జూనియర్ వచ్చి, కాగితాలు ఇంకా చూడలేదని గడువు అడిగాడు. ఉచిత న్యాయవాది లేచి నిలబడింది.

"తండ్రి చివరి దశలో ఉన్నారు. నేను సిద్ధంగా ఉన్నాను, అనుమతిస్తే ఈరోజే వాదిస్తాను."

"అతను సొంత వకీలును పెట్టుకున్నాడు కదమ్మా" అన్నారు జడ్జిగారు.

నియమం అదే. వచ్చే సోమవారానికి వాయిదా పడింది. ఆమె ఫైలు మూసుకుని బయటికి వెళుతూ మా దగ్గర ఆగి, "నాయన ఎలా ఉన్నారమ్మా?" అని అడిగింది. అక్క తల దించుకుంది.

గురువారం నాయన పోయాడు. జైలు నుంచి కొడుకును తెప్పించడానికి కోర్టు అనుమతి కావాలి. పేరున్న వకీలు ఫోనెత్తలేదు. పొద్దు వాలేదాకా చూసి, చివరికి అక్కే చితికి నిప్పు పెట్టింది.

మళ్ళీ సోమవారం జూనియర్ నాలుగు మాటలు మాట్లాడాడు. ప్రభుత్వ న్యాయవాది అభ్యంతరం లేదన్నాడు. బెయిల్ వచ్చింది.

వరండాలో అక్క నా మణికట్టు పట్టుకుంది.

"పోయిన సోమారం గా మేడం అడిగినా ఇచ్చేటోళ్ళా చెల్లె?"

తెలియదని చెప్పవచ్చు. కానీ ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

"ఇచ్చేవాళ్ళే అనుకుంటా అక్కా."

ఆమె నా మణికట్టు వదిలేసింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"తమ్మునికి చెప్పకు" అంది. "ఆ కాయిదం మీద సంతకం పెట్టింది వాడే."