తమ్ముణ్ణి బతికించబోయిన కొరియా పిల్ల

మా మనవరాలు కాలేజీ మానేసి ఇంటికొచ్చినాక పొద్దస్తమానం ఫోన్లో కొరియా సీరియల్ చూస్తా కూర్చునేది. ఫోనును కందిబ్యాళ్ళ డబ్బాకు ఆనించి పెట్టి, మోకాళ్ళు ముడుచుకొని, కదలకుండా. ఎవరన్నా ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. మోగకుండా ముందే నొక్కి పెట్టేసింది. వాళ్ళమ్మ, అంటే మా కోడలు, తెల్లవారంగానే టమేటా మండీకి కూలికి పోతే మళ్ళా సాయంత్రానికే రాయచోటి నుంచి ఇల్లు చేరేది. ఇంట్లో మేమిద్దరమే. చూడొద్దంటే వినేటట్టు లేదు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు, చెనిక్కాయలు ముందర పోసుకొని వొలుస్తా నేనూ పక్కన కూర్చున్నా.

మా కొడుకు కడప బయట ఒక బండల ఫ్యాక్టరీలో పని చేస్తా పోయినాడు. బండలు మీద పడినాయి. ఆ పొద్దు వాడు ఫోన్లో ఈ పిల్లతోనే మాట్లాడతాండాడు. హాస్టల్ నుంచి ఇది ఊరికే, ఏ పనీ లేకుండా చేసిన ఫోను. మాటల మధ్యలో పెద్ద శబ్దం వినపడిందంట. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది. నేను మళ్ళా అడగలేదు. తాను ఫోన్ చేయకపోయుంటే నాయన బండలు ఒరిగేది చూసుకొని పక్కకు తప్పుకునేవాడని దాని మనసులో నాటుకుపోయింది. పరీక్షలు దగ్గరికొచ్చినాయి, రాయకపోతే ఏడాది పోతుందని కాలేజీ నుంచి కబురొస్తే, "పోనీ జేజీ" అని మళ్ళా ఫోను తట్టు తిరిగింది.

నేను చదివింది మూడో తరగతి దాకా. కొరియా ఎక్కడుందో నాకు తెలీదు. మొదట్లో ముఖాలన్నీ ఒకటే మాదిరి కనపడినాయి, బట్టలను బట్టి గుర్తు పెట్టుకున్నా. వాళ్ళ నోరు ఒకటి అంటుంది, తెలుగు మాట ఇంకొకటి వస్తుంది. ఎవరూ లేని గదుల్లో కూడా లైట్లు వెలుగుతానే ఉంటాయి. పెద్దోళ్ళు కనపడితే నడుము దాకా వంగుతారు, అది మాత్రం నాకు నచ్చింది.

కథ ఏమంటే, ఒక పిల్ల బట్టలుతికి ఇస్త్రీ చేసిచ్చే అంగడి నడుపుతుంది. ఎవరో ఇచ్చిపోయి మళ్ళా తీసుకోని కోటు ఒకటి అక్కడ తగిలించి ఉంటుంది. దాన్ని తొడుక్కొని గుండీలు పెట్టుకుంటే, తమ్ముడు చచ్చిపోయిన దినానికి వెనక్కి పోతుంది. వాడు మోటారు సైకిల్ మీద పోతా చనిపోయి ఉంటాడు. మొదటిసారి పోయినప్పుడు బండి తాళాలు దాచిపెడుతుంది. వాడు నడిచిపోయి లారీ కింద పడతాడు. ఇంకోసారి ఇంట్లో పెట్టి గొళ్ళెం వేస్తుంది. ఆ ఇల్లు అంటుకుంటుంది. పోయిన ప్రతిసారీ పిల్ల పరుగే పరుగు. నాకు అదే అర్థం కాలేదు. ఎదురుగా వాడు బతికుండాడు గదా. ఒక్క గడియ కూర్చొని వాని ముఖం చూడొచ్చు గదా. ఇంత అన్నం కలిపి పెట్టొచ్చు గదా. ఆ కోటు నాకు దొరికుంటే అంతకంటే ఎక్కువ అడిగేదాన్ని కాదు.

ఈ మాట మనవరాలితో అనలేదు. దానితో వేరే మాటలే మాట్లాడేదాన్ని.

"ఎంత దుబారా మనుషులే వీళ్ళు. గిన్నెలో సగం సేమ్యా అట్లనే పెట్టి లేచిపోతాండారు."

"అది సేమ్యా కాదు జేజీ."

"ఏదైతే ఏమి, తినేదే గదా."

"ఆమెకు ఏడుపొచ్చింది. తినలేక లేచింది."

"ఏడుపొస్తే తినకూడదా? నేను తినలేదా?"

అది నా తట్టు చూసి ముఖం తిప్పుకుంది. మా కొడుకును మట్టిలో పెట్టొచ్చిన పొద్దు ఎవరో సంగటి ముద్ద చేతిలో పెడితే నేను తిన్నమాట నిజమే. తినకపోతే కోడలూ తినదు, ఈ పిల్లా తినదు. తిన్నందుకు జనం ఏమనుకున్నారో కూడా నాకు తెలుసు.

కథ ముగిసేదానికి వచ్చింది. ఆ కోటు ఎవరిదో ఆ ముసలాయన అంగడికొచ్చి పిల్లకు అసలు సంగతి చెప్తాడు. తమ్ముడు బతకాలంటే ఒకటే దోవ, అక్క అసలు పుట్టకుండానే పోవాలంట. ఎవరికీ ఆమె జ్ఞాపకం కూడా ఉండదంట.

"అంతేనా" అంది మా మనవరాలు. "అయితే సులభమే గదా."

ఆ గొంతులో ఏడుపు లేదు. కూరలోకి ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. నా చేతిలో చెనిక్కాయ చేతిలోనే ఉండిపోయింది. అప్పటిదాకా పరీక్ష పోతుందనే నా దిగులు. పరీక్ష కాదు, పిల్లే పోయేటట్టు ఉందని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం కోడలికి చెప్పినా, దీన్ని ఒంటిగా వదలొద్దని. బుద్ధులు చెప్పి లాభం లేదు, నేను చెప్పేవన్నీ దానికి ముందే తెలుసు. ఆ పొద్దు కళ్ళారా చూసినోళ్ళు చెప్పాల.

పొద్దున్నే దాన్ని లేపి కడప బస్సెక్కించినా. ఆడోళ్ళకు ఇప్పుడు టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఎక్కడికని అది అడగలేదు. గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు, పాలకోవా అంగళ్ళ కాడ బస్సు నిలిచినప్పుడు కూడా కిటికీలోంచి చూడలేదు. ఫ్యాక్టరీ గేటు ముందర ఆటో దిగినాక మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

మా కొడుకుతో కలిసి బండలు మోసిన సాయిబుల అబ్బాయి ఇప్పుడు ఆ గేటు కాడ కాపలా ఉంటాడు. ఆ దినం అతనికీ దెబ్బ తగిలింది. మమ్మల్ని చూసి కర్ర ఊతంగా లేచినాడు.

"రాండమ్మా. ఏం పాపా, బాగుండావా? శానా చిక్కినావే."

"ఏమప్పా, ఆ పొద్దు ఏం జరిగిందో దీనికి చెప్పు" అన్నా. "ఏమీ దాయొద్దు. నాయన ఫోన్లో ఉండబట్టే పోయినాడని దీని పట్టు."

అతను లోపలికి పిలుచుకొని పోయి ఇనుప స్టాండు చూపించినాడు. దానికి రెండు పక్కలా బండలు ఏటవాలుగా ఆనించి ఉన్నాయి, పూరింటి కప్పు మాదిరి.

"ఈ పక్క ఒకటి దించితే ఆ పక్క ఒకటి దించల్ల పాపా. రెండు పక్కలా బరువు సమానంగా ఉండల్ల. అది మా పనిలో మొదట నేర్చుకునేది. ఆ పొద్దు లారీ ఈ పక్క పెట్టినారు. తిప్పేదానికి సందు లేదు. సరేలే అని అందరం కలిసి ఈ పక్కవే దించుకుంటా పోయినాం. మీ నాయనా దించినాడు, నేనూ దించినా. అలిసిపోయి, ఆ పక్క నీడ ఉంటే ఆడ కూర్చున్నాం, ఇద్దరం పక్కపక్కనే. కూర్చున్నాక వచ్చింది నీ ఫోను."

అది తల ఎత్తలేదు.

"బరువంతా ఆ పక్కే ఉండాది గదా, స్టాండు మా మీదికే ఒరిగింది. నా చేతిలో ఫోను లేదు పాపా. ఊరికే కూర్చోనుండా. నేను తప్పుకున్నానా?"

ప్యాంటు పైకి లాగి చూపించినాడు. మోకాలి కింద అంతా కట్టె మాదిరి ఎండిపోయి, పాదం పక్కకు తిరిగి ఉంది. మనవరాలు చూసింది. శానాసేపు చూసింది.

"నాయన నవ్వినాడు అప్పుడు" అంది.

"అవును, నవ్వినాడు. ఏం చెప్పినావు?"

"హాస్టల్లో సాంబారు గురించి."

"మీ నాయనకు అట్లాంటివి బాగుంటాయి."

అది ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు. "నొప్పి ఉండాదా చిన్నాయనా?" అని అడిగింది. నాయన పోయినాక అది ఇంకొకరి బాగోగులు అడగడం నేను వినింది అదే మొదలు.

"చలికాలం ఉంటాది. నిద్ర పట్టదు" అన్నాడతను.

మేము బయటికొచ్చేటప్పుడు ఇంకో లారీకి బండలెత్తుతాండారు. స్టాండు ఒక పక్క అప్పటికే ఖాళీ. రెండో పక్క నిండుగా ఉంది. అతను కర్ర ఎత్తి కేక వేసినాడు. ఎవరూ తిరిగి చూడలేదు.

"చెప్తే వినరమ్మా" అన్నాడు నాతో. "లారీ తిప్పేదానికి సందు లేదంటారు."

మా మనవరాలు అక్కడే నిలబడింది. నేను చెయ్యి పట్టి లాగితే గానీ రాలేదు. బస్సులో దోవంతా కళ్ళు మూసుకొనే ఉంది, నిద్ర మాత్రం పోలేదు.

మరుసటి దినం ఆ సీరియల్ చివరి భాగం ఒక్కతే చూసింది. నేను పొయ్యి కాడ ఉన్నా. అయిపోయినాక వచ్చి వాకిలికి ఆనుకొని నిలబడింది.

"ఆమె పోయింది జేజీ. తమ్ముడు బతికినాడు."

"నువ్వు అనుకున్నట్టే జరిగింది గదా."

"అంగడికి తాళం వేసి ఉంటాది. వాడు ఆ ముందర్నే నడిచిపోతాడు. ఎందుకో నిలబడతాడు, మళ్ళా పోతాడు." కొంచెం ఆగి, "నీకోసం అక్క ఇట్లా చేస్తాంది, నీకు సమ్మతమేనా అని వాణ్ణి ఎవరూ అడగలేదు" అంది.

నేను గిన్నె దించి కంచం పెట్టినా. సగం తిని లేచింది. సగం వదిలినందుకు నేను ఏమీ అనలేదు.

పరీక్షలకు పోయింది. వాళ్ళమ్మ పని మానుకొని తోడు పోయి, అయిపోయేదాకా హాస్టల్ పక్కన తెలిసినోళ్ళింట్లో ఉండింది. శానా మటుకు పోయినాయి, మళ్ళా రాయాల. నవ్వడం ఇంకా లేదు. పుస్తకం ముందర పెట్టుకొని, చూస్తా చూస్తా ఎటో పోతుంది. నేను పిలిస్తే పలుకుతుంది. అందుకే పని ఉన్నా లేకున్నా పిలుస్తా ఉంటా.